నగరంలో సేద్యం – భూమి ప్రశ్న

పల్లె పచ్చన, పట్నం మోడు అన్న విభజన మన కవిత్వంలో చాలాకాలంగా స్థిరపడి ఉంది. పట్నంలో ఎక్కడైనా ఒక తోట కనబడితే ప్రకృతి ఇచ్చిన కానుకగా దాన్ని వర్ణించి ఊరుకుంటాం. ఆ జాగా ఎవరిది, మట్టి మోసిందెవరు అన్న ప్రశ్నలు మనకు తట్టవు. ఆ ప్రశ్నలు వేస్తే ఏమి తేలుతుందో న్యూయార్క్‌లోని ఒక పేట చరిత్ర చూపిస్తుంది.

ఆ పేట మన్‌హట్టన్‌లోని లోయర్ ఈస్ట్ సైడ్. తరతరాలుగా వలస కార్మికుల నివాసం. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత ప్యూర్టోరికో నుంచి వచ్చిన శ్రామికులు అక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. 1970లలో పరిశ్రమలు నగరాన్ని విడిచిపోతున్నాయి. 1975 నాటికి నగర ప్రభుత్వమే దివాలా అంచుకు చేరింది. అద్దెలు గిట్టని యజమానులు భవనాలను గాలికి వదిలేశారు. బీమా సొమ్ము కోసం వాటికి నిప్పు పెట్టించినవాళ్లూ ఉన్నారు. పన్ను బకాయిల కింద ఎన్నో జాగాలు నగర ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. పెట్టుబడి తనకు అక్కరలేదని వదిలిన ఆ నేలలో చెత్తా, ఇటుక ముక్కలూ మిగిలాయి.

1973లో లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి, ఆమె మిత్రులూ 'గ్రీన్ గెరిల్లాలు' అన్న పేరుతో పనికి దిగారు. విత్తనాలూ ఎరువూ కలిపిన ముద్దలను కంచెలమీదుగా పాడు జాగాల్లోకి విసిరారు. బవరీ, హ్యూస్టన్ వీధుల మూలన చెత్త ఎత్తిపోసి, 60 మడులు కట్టి కూరగాయలు పండించారు. 1974లో ప్రభుత్వం ఆ జాగాను నెలకు ఒక డాలరు అద్దెకు ఇచ్చింది. ప్యూర్టోరికన్ కుటుంబాలు తమ ఊరి ఇళ్ల నమూనాలో చిన్న చిన్న చెక్క ఇళ్లు కట్టుకుని, వాటి చుట్టూ తోటలు వేశాయి. 1978లో ప్రభుత్వం 'గ్రీన్ థంబ్' పథకం కింద ఇలాంటి తోటలకు నామమాత్రపు కౌలు ఏర్పాటు చేసింది. అయితే అది తాత్కాలికమైన కౌలే. భూమిపై హక్కు మాత్రం ఇవ్వలేదు.

1980ల నుంచి పెట్టుబడి నగరానికి తిరిగివచ్చింది. పేటలో ధరలు పెరిగాయి. ఇందుకు తోటలొక్కటే కారణం కాదు. కాని పేటను నివాసయోగ్యం చేసినవారి శ్రమ కూడా ఆ ధరలో కలిసింది. ఆ ధరే చివరకు వారిని వెళ్లగొట్టే ఆయుధమైంది. 1999లో మేయర్ రుడాల్ఫ్ జూలియానీ వందకు పైగా తోటలను వేలానికి పెట్టాడు. అభ్యంతరం చెప్పినవారికి ఇది స్వేచ్ఛా విపణి అనీ, కమ్యూనిజం తర్వాతి యుగానికి స్వాగతమనీ సమాధానమిచ్చాడు. టమాటా మడిలో కూడా పాలకవర్గం భూస్వామ్య సమస్యనే చూసిందని ఈ మాట రుజువు చేస్తుంది.

పేదలకు ఇళ్లు వద్దా అన్నది రెండో వాదం. దీన్ని అభ్యుదయవాది తేలిగ్గా కొట్టిపారేయకూడదు. 1986లో ఎల్‌డ్రిడ్జ్ వీధిలోని 'గార్డెన్ ఆఫ్ ఈడెన్'ను నేలమట్టం చేసింది పేదల ఇళ్ల పేరుతోనే. కాని 2000 ఫిబ్రవరి 15న ఎస్పెరాంజా తోట విషయంలో జరిగిందేమిటి? 1977 నుంచి పెంచిన ఆ తోటకు కాపలా కాస్తున్నవారిని అరెస్టు చేసి, బుల్‌డోజరు నడిపించారు. అక్కడ లేచిన భవనంలో ఐదింట నాలుగు వంతుల ఇళ్లు బజారు అద్దెకే పోయాయి. ఎస్పెరాంజా అంటే స్పానిష్‌లో ఆశ అని అర్థం.

వేలానికి పెట్టిన తోటలను మాత్రం రెండు స్వచ్ఛంద సంస్థలు 42 లక్షల డాలర్లు చెల్లించి కాపాడాయి. 2002లో కుదిరిన ఒప్పందంతో మరికొన్ని వందల తోటలు నిలిచాయి. కొన్ని ఇళ్ల నిర్మాణానికి పోయాయి. ఈ విజయం చిన్నది కాదు. కాని పాతికేళ్లు మట్టి మోసినందుకు దక్కవలసిన హక్కు, దాతల డబ్బుతో కొనుక్కోవలసి వచ్చిందన్న సంగతినీ గమనించాలి.

'దున్నేవాడిదే భూమి' అన్న నినాదాన్ని మన సాహిత్యం పల్లెకే పరిమితం చేసింది. నగరంలో పాడుజాగాను సాగుచేసినవాడికి ఆ నినాదం వర్తిస్తుందా అని మన కథకులు అడగవలసిన సమయం వచ్చింది. మన నగరాల్లోని పచ్చదనాన్ని వర్ణించే ముందు, ఆ జాగా పట్టా ఎవరి పేరున ఉందో కూడా విచారించడం మంచిది.