చోర్ అడిగిన సవాల్

సినిమా అనగానే మన ఇళ్ళలో పెద్దలు "తౌబా తౌబా" అంటారు. అందులోనూ చోర్ హీరోగా ఉండి, చివరికి దొరక్కుండా పోయే సినిమా అంటే ఇంక చెప్పక్కర్లేదు. అయినా 1932లో పారమౌంట్ కంపెనీ తీసిన 'ట్రబుల్ ఇన్ ప్యారడైజ్' గురించి రాయాలనిపించింది.

తెరకి మాటలొచ్చి అప్పటికి ఐదేళ్ళే. 1927 నాటి 'ది జాజ్ సింగర్'కి మూలమైన నాటకం రాసిన శాంసన్ రాఫెల్సనే దీనికీ రాశాడు. దర్శకుడు ఎర్న్‌స్ట్ లుబిష్, బెర్లిన్‌లో ఒక యూదు దర్జీ కొడుకు.

మొదటి సీనులోనే ఆయన షరారత్ తెలుస్తుంది. అందాల వెనిస్‌లో రాత్రి పూట ఒకడు చెత్తడబ్బా తెచ్చి పడవలో గుమ్మరించి, పాట పాడుకుంటూ పోతాడు. ఆ పక్కనే హోటల్లో ఒక నకిలీ నవాబు, ఒక నకిలీ బేగం (వాళ్ళ భాషలో బారన్, కౌంటెస్) దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని మహా తెహజీబ్‌తో మాట్లాడుకుంటూ ఒకరినొకరు దోచుకుంటారు. పర్సు ఈమె కొట్టేస్తే, బ్రోచ్ ఆయన లాగేస్తాడు. ఆయన గడియారం తిరిగిస్తూ, ఐదు నిమిషాలు వెనక ఉంటే సరిచేశానంటుంది. ఇంకో వస్తువు కూడా ఉంది, ఇక్కడ రాయను. ఇద్దరూ చోర్లేనని తెలిశాకే మొహబ్బత్ మొదలవుతుంది.

తర్వాత కథ పారిస్‌కి వస్తుంది. మేడమ్ కొలే అనే బేవా, అత్తరు కంపెనీ మాలికిన్. రోజులు బాగా లేవు, నౌకర్ల జీతాలు కోద్దామంటారు కంపెనీ పెద్దలు. ఆమెకి విసుగు, పైగా దావత్‌కి టైమైపోతోంది. జీతాలు అలాగే ఉంచండని లేచి వెళ్ళి 1,25,000 ఫ్రాంకులు పెట్టి ఒక చేతిసంచీ కొంటుంది. సినిమా తీసిన కాలం గుర్తుంచుకోండి, అమెరికాలో లక్షలమంది రోజ్‌గార్ పోయి రొట్టె కోసం లైన్లలో నిలబడ్డ గుర్బత్ కాలం. ఆ సంచీ కొట్టేసి, ఇనామ్ కోసం తనే తెచ్చిచ్చి, ఆమె సెక్రెటరీగా చేరతాడు మన చోర్ గాస్టన్.

లెక్కలు తిరగేస్తే ఇంకో చోర్ దొరుకుతాడు. కంపెనీ బోర్డు పెద్ద జిరాన్, ఖాందాన్‌కి ఏళ్ళనాటి దోస్త్, జీతాలు కోయమన్న మనిషే. ఏళ్ళ తరబడి కంపెనీ సొమ్ము తిన్నాడు. సంగతి బయటపడ్డాక ఆయన్ని పోలీసులకు పట్టిద్దామంటే మేడమ్‌కి నోరు రాదు, బద్నామీ కదా. అప్పుడు గాస్టన్ అడుగుతాడు: షరీఫ్ ఖాందాన్ వాడైతే జైలుండదు, కింది నుంచి సొంత హునర్‌తో పైకొచ్చిన చోర్‌కేమో పోలీసులా?

గాస్టన్ చేసింది హలాల్ అనను. చోరీ చోరీయే. కానీ ఈ సవాల్ మనకు కొత్తది కాదు. ఖురైష్‌లో పెద్ద కబీలా ఆడమనిషి చోరీ చేస్తే సిఫారసు తెచ్చిన ఉసామా (రజి)కి రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇచ్చిన జవాబు మన పిల్లలు మదర్సాలో వింటారు. పలుకుబడి ఉన్నవాణ్ణి వదిలేసి కమ్‌జోర్‌కి సజా వేసిన పాత కౌమ్‌లు ఏమయ్యాయో అందులో ఉంది. మన జమాత్‌లలో, వక్ఫ్ లెక్కల్లో జిరాన్‌లు లేరా? సైకిల్ దొంగని కరెంటు స్తంభానికి కట్టేస్తాం. లెక్క చెప్పని ముతవల్లీకి సలాం కొడతాం.

హాలీవుడ్‌లో సినిమాలకు కోడ్ 1930లోనే వచ్చింది. రాసినవాళ్ళలో డేనియల్ లార్డ్ అనే కేథలిక్ పాద్రీ ఉన్నాడు. జుర్మ్ మీద చూసేవాళ్ళకి హందర్దీ కలగకూడదన్నది అందులో ముఖ్యమైన షరతు. 1934లో జోసెఫ్ బ్రీన్ చేతికొచ్చాక అది గట్టిగా అమలైంది. 1935లో ఈ సినిమాను మళ్ళీ విడుదల చేయబోతే ఇజాజత్ ఇవ్వలేదు. మూడు దశాబ్దాలకు పైగా జనానికి దూరమైపోయింది. ఆ పాద్రీల నీయత్ మీద నాకు షక్ లేదు, మన పెద్దలు చెప్పేదీ దాదాపు అదే. అయితే గాస్టన్‌ని దాచేసినప్పుడు జిరాన్ కూడా దాక్కున్నాడు.

అదే 1935లో జర్మనీలో నాజీ హుకూమత్ లుబిష్ పౌరసత్వం రద్దు చేసింది. పుట్టిన ఊరు, చదివిన బడి, తీసిన సినిమాలు, ఏవీ కాగితం ముందు నిలబడలేదు. 1940లో యూదుల మీద నఫ్రత్ పెంచడానికి తీసిన ఒక ప్రచార సినిమాలో ఆయన ముఖాన్నే తెర మీద చూపించారు. లుబిష్ 1942లో 'టు బి ఆర్ నాట్ టు బి' తీశాడు. వార్సా నాటకాల వాళ్ళు నాజీ వేషాలేసుకుని నాజీలనే బేవకూఫ్‌లను చేసే మజాక్ అది. గాస్టన్ బారన్ వేషం వేసినట్టే, అందులో ఒకడు హిట్లర్ వేషం వేస్తాడు.