రెండేళ్లలో తగ్గిపోతుందన్న మాట

భుజం పట్టేసిందని వచ్చిన మనిషిని ఎముకల డాక్టరు ముందుగా మోచేతిని ఒంటికి ఆనించి పెట్టమంటాడు. మోచెయ్యి కదలకుండా ముంజేతిని బయటివైపు తిప్పమంటాడు. బాగున్న చెయ్యి సులువుగా తిరుగుతుంది. ఈ జబ్బు పట్టిన చెయ్యి కాస్త కదిలి ఆగిపోతుంది, డాక్టరు తానే పట్టుకుని తిప్పబోయినా అక్కడే ఆగుతుంది. ఎక్స్‌రేలో చూస్తే కీలు శుభ్రంగా ఉంటుంది. ఫ్రోజెన్ షోల్డర్‌ను పోల్చుకోవడానికి ఇప్పటికీ ప్రధాన ఆధారం ఇదే. ఎక్కువగా నలభై, అరవై ఏళ్ల మధ్య వాళ్లకు, మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఎక్కువగా వస్తుంది. జడ వేసుకోవాలన్నా, జాకెట్టు తొడుక్కోవాలన్నా, వెనక జేబులోంచి పర్సు తీయాలన్నా నరకమే. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిల్లితే నిద్ర పోయినట్టే.

ఇలాంటి బాధ ప్రస్తావన పాతదే. ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహిత నిదానస్థానంలో అవబాహుకం అనే వాతరోగం ఉంది. మూపులో చేరిన వాతం అక్కడి బంధాలను ఎండగట్టి, సిరలను ముడుచుకునేలా చేస్తుందని అందులోని వివరణ. అది ఈ జబ్బేనని తేల్చలేం, చెయ్యి లేవకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. దీన్ని చూపి మనవాళ్లు అన్నీ ముందే చెప్పేశారని రాసుకోవచ్చు గాని, ఆ తొందర అక్కర్లేదు.

ఆధునిక వైద్యంలో కథ 1872లో పారిస్‌లో మొదలవుతుంది. సిమోన్ డ్యూప్లే అనే సర్జన్, దెబ్బ తగిలాక బిగుసుకుపోయిన భుజాలను పరిశీలించి, లోపం కీలులో లేదు, చుట్టూ ఉన్న మెత్తటి కణజాలంలో ఉందన్నాడు. పెరియార్థ్రైటిస్ అని పేరు పెట్టాడు. మత్తు ఇచ్చి చెయ్యి బలంగా వంచి, అతుక్కున్నవి తెంచెయ్యాలన్నాడు. ఆ మొరటు పద్ధతి కొన్ని మార్పులతో ఈనాటికీ ఆపరేషన్ థియేటర్లలో బతికే ఉంది. అప్పుడప్పుడు అతుకులతో పాటు ఎముకా విరుగుతుంది.

ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు పెట్టింది బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్, 1934లో, ‘ది షోల్డర్’ అనే పుస్తకంలో. ఈయన సంగతి కాస్త నిలబడి చెప్పుకోవాలి. ఆపరేషన్ చేసి పంపేస్తే సరిపోదు, ఏడాది తర్వాతైనా రోగిని పిలిచి బాగయ్యాడో లేదో చూడాలి, బాగవకపోతే ఎందుకో రాసిపెట్టాలి అని పట్టుబట్టిన మనిషి. 1915లో వైద్యుల సభలోనే వాళ్లను వెక్కిరించే కార్టూను ప్రదర్శించి ఊరందరితో విరోధం తెచ్చుకున్నాడు. భుజం బిగుసుకోవడానికి మూలం కండర బంధనాల్లో ఉందని ఆయన అనుకున్నాడు, అది తప్పని తర్వాత తేలింది. ఈ జబ్బును నిర్వచించడమూ, నయం చెయ్యడమూ, వివరించడమూ కష్టమేనని దాపరికం లేకుండా రాశాడు. ముందుకు వంగి, చేతిని వదులుగా వేలాడదీసి మెల్లగా ఊపే వ్యాయామం ఆయన పేరుతోనే ఫిజియోథెరపీ గదుల్లో సాగుతోంది. ఎంత మొండి కేసైనా చికిత్స చేసినా చెయ్యకపోయినా రెండేళ్లలో తగ్గిపోతుందన్నదీ ఆయన మాటే. ఫలితం చూడందే ఏదీ నమ్మొద్దన్న మనిషి అన్న మాట కాబట్టి కాబోలు, దాన్ని చాలాకాలం ఎవరూ గట్టిగా పరీక్షించలేదు.

1945లో జూలియస్ నెవియాసర్ అనే సర్జన్ భుజాలను కోసి లోపల చూశాడు. కీలును చుట్టి ఉండే పొర మందంగా, ముడుచుకుని, ఎముక గుండుకు పట్టేసి ఉంది. ఒంటికి అంటించిన ప్లాస్టరును ఊడదీసినట్టు దాన్ని ఊడదీయాల్సి వచ్చిందని చెప్పి, అడ్హెసివ్ కాప్సులైటిస్ అన్నాడు. ఇప్పటికీ చీటీల మీద ఈ పేరే రాస్తారు. కానీ తర్వాత కీలులోకి దూర్చే ఆర్థ్రోస్కోప్‌తో చూసినవాళ్లకు అతుకులకన్నా ముడుచుకుపోవడమే ఎక్కువ కనిపించింది. 1995లో బంకర్, ఆంథొనీ ఆ పొర ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అరచేతిలో పొర బిగిసి వేళ్లు ముడుచుకుపోయే డ్యూపిట్రాన్ జబ్బుతో దానికి పోలిక ఉందని చూపించారు. అతుక్కున్నది ఊడదీస్తే చాలుననే ధైర్యం అక్కడితో కొంత సడలింది.

షుగరుతో దీనికున్న సంబంధం 1972లో అంకెల్లోకి వచ్చింది. బ్రిడ్జ్‌మన్ చూసిన 800 మంది షుగరు రోగుల్లో 10.8 శాతానికి భుజం పట్టేసి ఉంది, షుగరు లేని 600 మందిలో 2.3 శాతానికే. షుగరు లేని ఇల్లు వెతుక్కోవాల్సిన మన ఊళ్లలో భుజం నొప్పితో వచ్చినవాళ్లకు ముందు రక్తపరీక్ష రాయడం న్యాయమే.

ఇక ఆ రెండేళ్ల మాట. 1975లో రీవ్స్ 41 మందిని అయిదు నుంచి పదేళ్ల పాటు గమనిస్తే, జబ్బు సగటున ముప్పై నెలలు నడిచింది, సగానికి పైగా రోగుల్లో ఎంతో కొంత బిగుతు మిగిలిపోయింది. 1992లో షాఫర్ బృందం సగటున ఏడేళ్ల తర్వాత పిలిచి చూస్తే, దాదాపు సగం మందికి కాస్త నొప్పో బిగుతో ఉంది. ఎక్కువమందికి రోజువారీ పనులకు అది అడ్డు కాలేదన్నదీ నిజమే. దానంతట అదే పోతుందిలే అనే డాక్టరు అబద్ధం చెప్పడం లేదు, సగమే చెబుతున్నాడు.

అలాగని బలవంతంగా లాగించుకున్నా లాభం లేదు. 2004లో నెదర్లాండ్స్‌లో డీర్క్స్, స్టీవెన్స్ 77 మందిని పరిశీలించారు. నొప్పి పుట్టని మేరకే కదిలించినవాళ్లలో 89 శాతం రెండేళ్లకు దాదాపు మామూలు స్థితికి వచ్చారు. నొప్పిని దాటించి గట్టిగా వ్యాయామం చేయించినవాళ్లలో 63 శాతమే వచ్చారు. ఏడిపిస్తేనే బాగవుతుందనుకునే ఫిజియోలు ఇంకా ఉన్నారు, వాళ్లకు ఈ అంకెలు చూపించాలి.

2020లో లాన్సెట్‌లో వచ్చిన యూకే ఫ్రాస్ట్ పరిశోధనలో 35 ఆసుపత్రుల్లోని 503 మందిని మూడు చికిత్సలకు పంచారు: మత్తులో చెయ్యి వంచడం, కీహోల్ సర్జరీతో పొరను కోయడం, స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఫిజియోథెరపీ. ఏడాది తిరిగేసరికి చెప్పుకోదగ్గ తేడాతో ఏదీ గెలవలేదు. సర్జరీలో ప్రమాదాలు ఎక్కువ. ఖర్చుకు తగ్గ ఫలితం చూస్తే డ్యూప్లే నాటి పద్ధతే ముందు నిలిచింది. ఇంజెక్షన్ దారి మత్తు అక్కర్లేనిది, త్వరగా మొదలుపెట్టగలిగేది. నొప్పి ఉధృతంగా ఉన్న తొలి నెలల్లో వేయించుకుంటే అది బాగా పనిచేస్తుంది. షుగరు ఉన్నవాళ్లు మాత్రం వేయించుకున్నాక కొన్ని రోజులు ఇంట్లో షుగరు చూసుకుంటూ ఉండాలి, స్టెరాయిడ్‌తో అది ఒక్కసారిగా పెరుగుతుంది.