రామకొండకు మొక్కిన జైన ముని

జపాన్‌లో హగురో అని ఒక పవిత్రమైన కొండ ఉంది. అక్కడి తపస్వుల్ని యమబుషి అంటారు. ఉపవాసాలు, జలపాతం కింద నిలబడి జపాలు, ఇదీ వాళ్ల సాధన. అందులో బౌద్ధం ఎంత, వాళ్ల పాత దేవతల పూజ ఎంత అని విడదీయలేం. 1868లో మెయిజీ ప్రభుత్వం మాత్రం రెండూ వేరుగా ఉండాల్సిందే అంది. 1872లో ఆ తపస్వుల సంప్రదాయాన్నే నిషేధించింది. కొండ ఎవరిది అనే ప్రశ్న అడిగితే అంత దూరం వెళ్తుందన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. విజయనగరానికి 12 కిలోమీటర్ల దూరంలో రామతీర్థం. మనం వెళ్తాం, కోనేరు చూస్తాం, రాముణ్ణి దర్శించుకుంటాం, వచ్చేస్తాం. (రాముడి గుడే గానీ, ఇక్కడ పెద్ద జాతర శివరాత్రికి!) పక్కనే ఉన్న గురుభక్తులకొండ ఎక్కేవాళ్లు తక్కువ. దానిమీద ఇటుకతో కట్టిన స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉన్న విహారాల పునాదులు వరసగా ఉన్నాయి. వానాకాలం మూడు నెలలు భిక్షువులు తిరగకూడదు, ఒకచోటే ఉండాలి. పైన ఏకాంతం, కింద భిక్షపెట్టే ఊళ్లు. అలాంటి వాళ్లకి ఇంతకన్నా మంచి చోటేముంటుంది?

తర్వాత జైనులొచ్చారు. తీర్థంకరుల విగ్రహాలు ఈ కొండలమీద దొరికాయి. అన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది ఒక గుహలోని శాసనం. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి కాలంది. అంటే 1011-1018 మధ్య. ఈయనెవరో కాదు, నన్నయ్య గారిని పోషించిన రాజరాజ నరేంద్రుడి తండ్రి. ఆయన గురువు, దేశిగణానికి ఆచార్యుడైన త్రికాలయోగి సిద్ధాంతదేవ ముని, రామకొండకి భక్తితో నమస్కరించాడని అందులో ఉంది.

ఆ పేరు చూడండి, త్రికాలయోగి. దిగంబర సంప్రదాయంలో త్రికాలయోగం అంటే మూడు కాలాల తపస్సు. ఎండాకాలం కొండమీద మాడే బండపైన, వానాకాలం చెట్టు మొదట్లో, చలికాలం ఆరుబయట. మన వైపు మే నెల ఎండలో ఆ బండలమీద చెప్పుల్లేకుండా రెండడుగులు వేసి చూస్తే తెలుస్తుంది, ఆ మాట ఎంత బరువైందో.

ఇంకో సంగతి. జైన ముని మొక్కిన కొండకి పేరు రామకొండ! జైనులకీ రామకథ ఉంది. వాళ్ల లెక్కలో రాముడు చివరికి సన్యసించి మోక్షం పొందినవాడు. కాబట్టి "ఇది జైనులది, మనవాళ్లు లాక్కున్నారు" అనేవాళ్లూ, "మొదట్నుంచీ గుడి ఒక్కటే ఉంది" అనేవాళ్లూ ఆ ఒక్క పేరు దగ్గర కాసేపు ఆగాలి. వెయ్యేళ్ల కిందటే ఆ పేరు ఉంది, దాన్ని తలిచింది దిగంబర గురువుకి సంబంధించిన శాసనం. ఆ రాముడు ఎవరి రాముడో శాసనం చెప్పదు. చెప్పాలన్న అవసరం వాళ్లకి కనిపించలేదేమో అని నా అనుమానం.

ఈసారి వెళ్తే గుడితో ఆపకుండా గురుభక్తులకొండ కూడా ఎక్కండి. నీళ్లు తీసుకెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో వంశధార ఒడ్డున ఉన్న శాలిహుండం గురించి మాట్లాడుకుందాం. సెలవు.