కుల్లాయి

చలికాలంలో పసిపిల్లల నెత్తికి పెట్టే టోపీకి తెలుగులో పాత పేరు కుల్లాయి. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో అది ‘కుల్ల’. మూలం పారసీక పదం ‘కులాహ్’, అర్థం టోపీయే. పొరుగున కన్నడంలో పసిపిల్లల టోపీ ‘కులావి’.

ఒకప్పుడు ఇది పెద్దల ఉడుపు. విజయనగర ఆస్థానానికి వెళ్లడానికి కుల్లాయి పెట్టుకోవలసి వచ్చిందని కవి శ్రీనాథుడి పేరిట ఉన్న చాటుపద్యం చెబుతుంది. 16వ శతాబ్దపు లేపాక్షి చిత్రాల్లో పురుషుల తలలపై పొడవాటి కుల్లాయిలు నేటికీ చూడవచ్చు.

తెలంగాణలో చలి గట్టిగా పడే చోటు ఆదిలాబాద్. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో తల వాటా పెద్దది, వేడి అక్కడినుంచి త్వరగా పోతుంది. అందుకే ఇంట్లో అల్లిన కుల్లకు అంత విలువ.

కుల్లను క్రోషేతో అల్లవచ్చు. క్రోషే అంటే ఫ్రెంచిలో చిన్న కొక్కెం. ఆ కొక్కెం సూదితో నడినెత్తి దగ్గర మొదలుపెట్టి, సుమారు 10 సెం.మీ. వెడల్పు బిళ్ల అయ్యేదాకా కుట్లు పెంచుతూ గుండ్రంగా అల్లాలి. తర్వాత పెంచకుండా చెవులదాకా దిగాలి. దిగేటప్పుడు పొట్టి కుట్టు, పొడుగు కుట్టు మార్చిమార్చి వేసి, తర్వాతి వరుసలో పొట్టిదానిపై పొడుగు, పొడుగుదానిపై పొట్టి వేస్తే గింజల్లాంటి బొడిపెలు తేలతాయి. శిశువు తల చుట్టుకొలత దాదాపు 35 సెం.మీ. అల్లిక సాగుతుంది కనుక కుల్ల 32 సెం.మీ. ఉంటే చాలు. పూసలు, గుండీలు వద్దు, ఊడితే నోట్లోకి పోతాయి.

దుకాణంలో బేబీ క్యాప్ అని అడిగినా, బిడ్డకు తొడిగేటప్పుడు కుల్ల అనే అందాం. వాడితేనే మాట బతుకుతుంది.