ఫోల్డర్లలోంచి పుట్టిన మెనూ

సర్వర్లో ఫోల్డర్లు ఎలా అమర్చి ఉన్నాయో చూసుకుని, సైటు మెనూను ప్రోగ్రామే తయారుచేసే పద్ధతి వెబ్ వ్యాప్తిలోకి రాకముందే ఉంది. 1991లో అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయంలో మార్క్ మెక్‌కహిల్ బృందం తయారుచేసిన గోఫర్ అనే వ్యవస్థ ఈ పద్ధతి మీదే నడిచింది.

గోఫర్ సర్వర్ నడిపేవాళ్లు దానికి ఒక డైరెక్టరీ చూపిస్తే చాలు. అందులోని ఫైళ్లూ, లోపలి డైరెక్టరీలూ మెనూలో వరసగా కనిపించేవి. సర్వర్ పంపే ప్రతి లైను ఒక గుర్తుతో మొదలవుతుంది. 0 అంటే చదవాల్సిన ఫైలు, 1 అంటే లోపల ఇంకో మెనూ, 7 అంటే వెతికే చోటు. దాని వెంటే తెర మీద చూపించాల్సిన పేరు, ఫైలుకు దారి, సర్వర్ పేరు, పోర్టు సంఖ్య ఉంటాయి. మెనూ అంటూ విడిగా రాయాల్సిందేమీ లేదు. ఫైలు పెడితే మెనూలోకి వస్తుంది, తీసేస్తే పోతుంది. మెనూలో పేరుండి పేజీ లేకపోవడం, పేజీ ఉండి మెనూలో చోటు లేకపోవడం అనే రెండు జబ్బులూ దీనికి రావు. నా దృష్టిలో ఈ పద్ధతి ఇన్నేళ్లు బతకడానికి ఇదొక్కటే కారణం, ఇది చాలా గట్టి కారణం కూడా.

కానీ ఫోల్డరుకు రెండు సంగతులు తెలియవు. చదివేవాళ్లకు ఏ పేరు చూపించాలో తెలియదు. దేని తర్వాత ఏది రావాలో తెలియదు. గోఫర్ వాళ్లు దీనికి డాట్ క్యాప్ అనే డైరెక్టరీని పెట్టారు. అసలు ఫైలు పేరుతోనే అందులో ఒక చిన్న ఫైలు, దాంట్లో రెండు లైన్లు: ఒకటి చూపించాల్సిన పేరు, రెండోది మెనూలో దాని స్థానం చెప్పే అంకె. ఆ తర్వాత వచ్చిన ప్రతి సాధనమూ ఈ రెండు లైన్లను ఎక్కడ దాచాలా అని వెతుక్కున్నదే.

డైరెక్టరీలో డైరెక్టరీ పెట్టే ఆలోచన ఇంకా పాతది. మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం డేలీ, నాయ్‌మన్ 1965లో దాన్ని వివరంగా రాశారు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ దాన్ని అందుకుని, దారిలో ఒక్కో మెట్టుకూ మధ్య ఏటవాలు గీత పెట్టింది.

వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్‌-లీకి మాత్రం ఈ చెట్టు అమరిక నచ్చలేదు. 1989లో పరిశోధన సంస్థ సెర్న్‌లో ఇచ్చిన ప్రతిపాదనలో, సమాచారాన్ని కొమ్మలుగా విడదీస్తే అసలు సంబంధాలు అందులో ఇమడవని వాదించాడు. ఏ పేజీ నుంచి ఏ పేజీకైనా లింకు ఉండాలన్నాడు. 1993లో మినెసోటా విశ్వవిద్యాలయం గోఫర్ సర్వర్‌కు లైసెన్సు రుసుము ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్ 30న సెర్న్ వెబ్‌ను అందరికీ ఉచితం చేసింది. ఆ తర్వాత గోఫర్ కోలుకోలేదు. అయినా చెట్టు పోలేదు. వెబ్ అడ్రసు యూనిక్స్ దారి రూపంలోనే వచ్చింది, తొలి సర్వర్లు అడ్రసును నేరుగా డిస్కు మీది ఫోల్డరుకు జతచేశాయి. ఫోల్డరులో ఇండెక్స్ ఫైలు లేకపోతే లోపలున్నవన్నీ జాబితాగా చూపించాయి. ఫైలు పేరు, మార్చిన తేదీ, సైజు, పైన తల్లి డైరెక్టరీకి లింకు: 1995లో వచ్చిన అపాచీ సర్వర్ ఇచ్చే ఈ పేజీని లినక్స్ మిర్రర్లలో నేటికీ చూడొచ్చు. బయటపడకూడని ఫైళ్లు ఎన్నో ఇదే జాబితా ద్వారా బయటపడ్డాయి. అందుకే జాగ్రత్త తెలిసినవాళ్లు ముందుగా దీన్ని ఆపేస్తారు.

పీహెచ్‌పీ భాష వచ్చాక ఫోల్డరును చదివి మెనూ రాసే పని ఎవరైనా చేయగలిగే పనైంది. ఫోల్డరు తెరవాలి, ఒక్కో పేరూ తీసుకోవాలి, అది ఫోల్డరే అయితే అదే ఫంక్షన్ మళ్లీ తననే పిలుచుకోవాలి. జాబితాలో జాబితా పెట్టే హెచ్‌టీఎంఎల్ కూడా సరిగ్గా ఇదే ఆకారంలో ఉంటుంది. 2003లో సకర్‌ఫిష్ అనే పద్ధతి అలాంటి జాబితాను సీఎస్‌ఎస్‌తో, ఓ చిటికెడు జావాస్క్రిప్టుతో కిందికి జారే మెనూగా మార్చి చూపించడంతో రెండూ చక్కగా అతికాయి. వరస సమస్య మాత్రం అలాగే ఉంది. ఫైళ్లు డిస్కు ఇచ్చిన క్రమంలో వస్తాయి, అది అక్షర క్రమం కానక్కర్లేదు. అక్షర క్రమంలో పెట్టినా 10వ అధ్యాయం 2వ అధ్యాయానికి ముందొస్తుంది.

ఈలోగా వర్డ్‌ప్రెస్, ద్రూపల్ వంటి సైటు నిర్వహణ సాధనాలు పేజీలను డేటాబేసులోకి తీసుకెళ్లాయి. 2010లో వర్డ్‌ప్రెస్ 3.0 మెనూను చేత్తో లాగి అమర్చుకునే వీలిచ్చింది. ఫోల్డరు మాట కొన్నాళ్లు వెనకబడింది.

2008లో ఫైళ్ల నుంచి సైటు కట్టే జెకిల్ అనే సాధనం వచ్చాక పేజీలు మళ్లీ ఫైళ్లయ్యాయి. 2013లో వచ్చిన అలాంటి సాధనమే హ్యూగో, పైస్థాయి ఫోల్డర్లను సైటు విభాగాలుగా తీసుకుని, వరస చెప్పే అంకెను పేజీ తలభాగంలో రాయమంది. ఎంకేడాక్స్‌కు మెనూ రాసివ్వకపోతే ఫోల్డర్లను చూసి అక్షర క్రమంలో తనే కట్టుకుంటుంది. కిర్బీ అంకెను ఫోల్డరు పేరు ముందే పెట్టించింది. అంకె లేని ఫోల్డరు మెనూ జాబితాలోకి రాదు, కానీ అడ్రసు తెలిస్తే పేజీ తెరుచుకుంటుంది. ఇంత పొదుపైన ఏర్పాటు నేను మరొకటి చూడలేదు. డాక్యుసారస్‌లో ఒక్కో ఫోల్డరుకూ ఒక చిన్న ఫైలు పెట్టి అందులో పేరు, స్థానం రాసుకోవచ్చు. గోఫర్ డాట్ క్యాప్‌లో ఉన్నవీ ఆ రెండే.

తెలుగులో ఫోల్డర్ల పేర్లు పెట్టేవాళ్లకు వరస చిక్కు మరింత పెద్దది. యూనికోడ్ పట్టికలో ళ, ల పక్కనే వ కంటే ముందుంది. మనం దిద్దుకున్న అక్షరమాలలో ళ, హ తర్వాత వస్తుంది. అందుకే యూనికోడ్ సంఖ్యలనుబట్టి పేర్చే ప్రోగ్రామ్ ‘కళలు’ను ‘కవులు’ కంటే ముందు పెడుతుంది. పైగా ‘కవులు’ అన్న మూడక్షరాల పేరు అడ్రసులో శాతం గుర్తులతో కలిపి 45 గుర్తులుగా సాగుతుంది. ఫోల్డరుకు ఇంగ్లిషు అక్షరాల్లో పొట్టి పేరు, దాని ముందు 01, 02 అని అంకె, చూపించాల్సిన తెలుగు పేరు లోపలి ఫైలులో: ఈ అమరిక పెట్టుకుంటే మెనూ మనం అనుకున్న వరసలో, మన లిపిలో వస్తుంది, అడ్రసూ పొట్టిగా ఉంటుంది.