లోప సంకేతాల పట్టిక (గృహోపకరణాల మరమ్మతు)

వాషింగ్ మెషీన్, ఏసీ, ఫ్రిజ్ వంటి గృహోపకరణాలు చూపించే ఎర్రర్ కోడ్‌ల అర్థాన్ని వివరించే మార్గదర్శిని లోప సంకేతాల పట్టిక అంటారు. ఇది యూజర్ మాన్యువల్‌లో క్లుప్తంగా, మెకానిక్‌ల కోసం రూపొందించే సర్వీస్ మాన్యువల్‌లో వివరంగా ఉంటుంది.

పనితీరు: నీటిమట్టం, ఉష్ణోగ్రత, మోటారు వేగం, తలుపు స్థితి తెలిపే సెన్సర్లను కంట్రోల్ బోర్డులోని మైక్రోకంట్రోలర్ గమనిస్తుంటుంది. హద్దు దాటిన విలువ వస్తే యంత్రాన్ని ఆపి, సంకేతం చూపుతుంది. తెర లేని ఉపకరణాల్లో ఎల్‌ఈడీ దీపం ఎన్నిసార్లు వెలిగి ఆరిందో లెక్కపెట్టాలి.

ఉదాహరణలు: ఎల్‌జీ వాషింగ్ మెషీన్లలో ‘ఐఈ’ నీరు సరిగా రావడం లేదని, ‘ఓఈ’ నీరు బయటికి పోవడం లేదని, ‘యూఈ’ బట్టల బరువు ఒకవైపు చేరిందని, ‘డీఈ’ తలుపు సరిగా పడలేదని తెలుపుతాయి. సంకేతాలు కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారతాయి. కాబట్టి ముందుగా మోడల్ నంబరు సరిచూసుకోవాలి.

పరిమితులు: సంకేతం లక్షణాన్ని చెబుతుంది తప్ప పాడైన భాగాన్ని నేరుగా చూపదు. ‘ఓఈ’ వచ్చినప్పుడు పంపు మార్చే ముందు ఫిల్టర్‌లో చెత్త, గొట్టంలో మడత, వైర్ల కనెక్షన్లు చూడాలి. ఆ తర్వాతే మల్టీమీటర్‌తో పంపును పరీక్షించాలి.

భద్రత: మూత విప్పే ముందు ప్లగ్ తీసేయాలి. మైక్రోవేవ్ ఓవెన్ కెపాసిటర్‌లో ప్లగ్ తీసిన తర్వాత కూడా ప్రాణాంతకమైన విద్యుత్తు నిల్వ ఉండవచ్చు; దాని మరమ్మతును శిక్షణ పొందిన మెకానిక్‌కే అప్పగించాలి.