డాల్జెల్ కాదు, డియెల్

స్కాట్లాండ్‌లోని మా మదర్‌వెల్‌కు కొత్తగా వచ్చినవాళ్లను ఒక్క మాటతో పట్టేయవచ్చు. క్లైడ్ ఒడ్డున ఉన్న కోట పేరును రాసినట్టే ‘డాల్జెల్’ అని చదువుతారు. ఇక్కడివాళ్లం ‘డియెల్’ అంటాం. పాత స్కాట్స్ రాతలో ‘య’కు దగ్గరి పలుకుకు ‘యోఖ్’ అనే అక్షరం ఉండేది. ముద్రణ వచ్చాక ఆ అచ్చు దొరక్క, చూపుకు అలాగే ఉన్న ‘జెడ్’ పెట్టేశారు. మెంజీస్ అనే ఇంటిపేరును ‘మింగిస్’ అనేదీ అందుకే. బిన్స్ అనే మరోచోట స్థిరపడ్డ ఈ వంశపు డాల్యెల్‌లు మాత్రం ‘వై’తో రాసి పాత పలుకు జాడ నిలుపుకున్నారు.

పలుకుతో నాకు పేచీ లేదు, ఆ పేరు పుట్టుక కథతోనే. మొన్న కోట ఎస్టేట్‌లో నడుస్తుంటే ఒక పెద్దాయన మళ్లీ అదే చెప్పారు. కెన్నెత్ రాజు బంధువును శత్రువులు ఉరితీశారట. శవాన్ని దించి తెచ్చినవాడికి బహుమానం ఇస్తానన్నాడట రాజు. అందరూ జంకితే ఒకడు ‘డాల్ జెల్’, అంటే ‘నేను తెగిస్తాను’ అంటూ ముందుకొచ్చాడట! 1722లో నిస్బెట్ తన వంశచిహ్నాల గ్రంథంలోకి ఎక్కించాక ఇది చరిత్ర అయిపోయింది. చిహ్నంలో చేతులు చాచిన నగ్నపురుషుడు, కింద ‘ఐ డేర్’ అన్న మాట ఉన్నాయి కదా అంటారు. బొమ్మను చూసి కథ అల్లి, మళ్లీ ఆ బొమ్మనే సాక్ష్యానికి పిలిస్తే ఎలా? గేలిక్‌లో ఆ మాటలకు ఆ అర్థమే లేదు.

1288లో లానార్క్ షెరీఫ్‌గా ఉన్న హ్యూ పేరు చూడండి: ‘ద డాల్జెల్’, అంటే ఆ చోటివాడు. తెలుగునాట ఊరిపేరు ఇంటిపేరైనట్టే. 1946లో ఇంటిపేర్ల నిఘంటువు వేసిన జార్జ్ బ్లాక్ కూడా దీన్ని లానార్క్‌షైర్ బారనీ పేరుగానే చెప్పాడు. ‘దాల్’ అంటే ఏటి ఒడ్డు మైదానం, ‘గెల్’ అంటే తెలుపు. తెల్లని మైదానం అన్న ఈ వివరణే నాకు నమ్మకం.

నగ్నపురుషుడి కథ మా నేలను మరుగుపరిచింది. ఆ వంశంలో అందరికీ తెలిసిన జనరల్ టామ్ ఈ ఊరివాడే కాదు, బిన్స్‌వాడు. 1666లో రలియన్ గ్రీన్ దగ్గర, చర్చిపై రాజు పెత్తనాన్ని ఎదిరించిన కవెనెంటర్లను ఓడించింది అతనే. ఆ కవెనెంటర్ల పేరు మోస్తున్న ఓక్ చెట్టు మాత్రం మా ఎస్టేట్‌లోనే ఉంది. అసలు 1647లోనే కోట హామిల్టన్ల చేతికి పోయింది. వంశం వెళ్లిపోయినా పేరు నేలను వదల్లేదు. 1870ల తొలినాళ్లలో ఇక్కడ ఇనుము కర్మాగారం కట్టిన డేవిడ్ కోల్విల్, దానికి డాల్జెల్ పేరే పెట్టాడు.